రోటరీ ఫోన్ డయల్‌ని విప్పి శుభ్రం చేయడం ఎలా? స్లో మోషన్ కెమెరాతో టెస్ట్ చేసే పద్ధతి కూడా

"పొద్దుగాల తిప్పితే రాంగ్ నంబర్ పోతుంది బిడ్డా. పగటి పూట మంచిగనే పోతది."

పోయిన డిసెంబర్‌లో ఆదిలాబాద్ వెళ్లినప్పుడు అమ్మమ్మ చెప్పిన కంప్లయింట్ ఇది. ఆమె దగ్గర ఉన్నది ఐటీఐ తయారీ నల్ల బేక్‌లైట్ ఫోన్. వేలు పెట్టి గుండ్రంగా తిప్పే రకం. అమ్మమ్మకి కొన్నేళ్లుగా చూపు సరిగా ఆనదు. స్మార్ట్‌ఫోన్‌లో వాయిస్ కమాండ్ నేర్పించాను, వాడుతుంది కూడా. కానీ ఒంట్లో బాగోలేనప్పుడు, రాత్రిపూట ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె చెయ్యి వెళ్లేది ఈ ఫోన్ మీదికే. రంధ్రాలు వేలితో లెక్కపెట్టుకుని, చూడకుండానే మా అమ్మ నంబర్ కలిపేస్తుంది. అలాంటి ఫోన్ చలికాలం పొద్దున్నే తప్పు నంబర్‌కి పోతోందంటే, అది పక్కన పెట్టేసే విషయం కాదు.

పొద్దున తప్పు, మధ్యాహ్నం కరెక్ట్. ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు లూజ్ కనెక్షన్ అనుకుంటారు. నేనూ అదే అనుకున్నా. అసలు కారణం వేరే. అది తెలియాలంటే ముందు డయల్ ఎలా పనిచేస్తుందో చూడాలి.

డయల్ లోపల ఏం జరుగుతుంది?

రోటరీ డయల్ అంటే ఒక స్విచ్. అంతే. ఫోన్ ఎత్తగానే లైన్‌లో కరెంట్ ప్రవహిస్తుంది. ఎక్స్ఛేంజ్ ఇచ్చేది సుమారు 48 వోల్టుల డీసీ. మీరు 5 తిప్పి వేలు తీస్తే, డయల్ వెనక్కి వస్తూ ఆ కరెంట్‌ని ఐదు సార్లు తెంచి కలుపుతుంది. 0 తిప్పితే పది సార్లు. ఎక్స్ఛేంజ్ ఆ తెగిన సార్లు లెక్కపెట్టుకుని అంకె ఏంటో తెలుసుకుంటుంది. దీన్నే పల్స్ డయలింగ్ అంటారు.

ఈ ఆలోచనకి మూలం అమెరికాకి చెందిన ఆల్మన్ స్ట్రౌజర్. ఆపరేటర్ అవసరం లేని ఎక్స్ఛేంజ్‌కి ఆయనకి 1891లో పేటెంట్ వచ్చింది. ఆయన ఇంజనీర్ కూడా కాదు, అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి. మన దేశంలో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్ 1913-14లో సిమ్లాలో మొదలైంది. 1948లో బెంగళూరులో ఐటీఐ వచ్చాక ఇక్కడే ఫోన్లు తయారయ్యాయి. 1960లో కాన్పూర్, లక్నోల మధ్య ఎస్టీడీ మొదలయ్యాక ఆపరేటర్‌ని అడగకుండా వేరే ఊరికి డయల్ చేయడం కూడా కుదిరింది. ఇంత వ్యవస్థా నడిచింది ఈ అరచేతి సైజు చక్రం మీదే.

డయల్‌లో మీరు గుర్తుపట్టాల్సిన భాగాలు ఆరు:

- ఫింగర్ వీల్: పది రంధ్రాల చక్రం. మనం తిప్పేది ఇదే.
- ఫింగర్ స్టాప్: కుడివైపు కింద వేలు ఆగే చిన్న కొక్కెం.
- మెయిన్ స్ప్రింగ్: మనం తిప్పినప్పుడు బిగుసుకుని, వదిలినప్పుడు చక్రాన్ని వెనక్కి లాగేది.
- గవర్నర్: వెనక్కి వచ్చే వేగాన్ని అదుపులో ఉంచేది.
- పల్స్ కాంటాక్ట్స్: లైన్‌ని తెంచి కలిపే రెండు సన్నని లోహపు రేకులు.
- ఆఫ్-నార్మల్ కాంటాక్ట్స్: డయల్ తిరుగుతున్నంతసేపూ చెవిలో టక టక శబ్దం రాకుండా రిసీవర్‌ని పక్కకి తప్పించేవి.

వీటిలో గొప్ప పని గవర్నర్‌ది. ఒక వార్మ్ గేర్ దాన్ని గిరగిరా తిప్పుతుంది. వేగం పెరిగేకొద్దీ దాని మీదున్న రెండు చిన్న బరువులు బయటికి విచ్చుకుని, చుట్టూ ఉన్న కప్పు గోడకి రాసుకుంటాయి. రాపిడి పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే బరువులు లోపలికి వస్తాయి. చిప్ లేదు, కోడ్ లేదు. మీరు ఎంత విసురుగా తిప్పినా డయల్ మాత్రం తన వేగంలోనే వెనక్కి వస్తుంది.

ఆ వేగం సెకనుకి 10 పల్సులు. 9 నుంచి 11 వరకు ఉంటే ఫర్వాలేదు. బ్రిటిష్ డిజైన్ నుంచి వచ్చిన డయల్స్‌లో ఒక్కో పల్స్‌కి పట్టే 100 మిల్లీసెకన్లలో సుమారు 67 లైన్ తెగి ఉంటుంది, 33 కలిసి ఉంటుంది. డయల్ బాగా నెమ్మదిస్తే ఈ ఖాళీలు సాగిపోతాయి. అప్పుడు ఎక్స్ఛేంజ్ ఒక అంకెని మధ్యలోనే అయిపోయిందనుకుని, మిగతా పల్సుల్ని ఇంకో అంకెగా లెక్కేసే ప్రమాదం ఉంది. రాంగ్ నంబర్ అలా వస్తుంది.

మొదలుపెట్టే ముందు

లైన్ వైర్ పీకేయండి. ఇది మర్చిపోవద్దు. మామూలుగా లైన్‌లో ఉండే వోల్టేజ్ పెద్దగా ఏమీ చేయదు. కానీ మీరు లోపల చెయ్యి పెట్టినప్పుడు ఎవరైనా కాల్ చేస్తే, బెల్ మోగించడానికి వచ్చేది సుమారు 75 వోల్టుల ఏసీ. గట్టిగానే కొడుతుంది.

కావలసినవి:

- సరిగ్గా సరిపోయే మైనస్ స్క్రూడ్రైవర్లు రెండు సైజులు
- మెత్తని పెయింట్ బ్రష్, ఇయర్ బడ్స్, టూత్‌పిక్స్
- 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (మందుల షాపులో దొరికే 70 శాతం రకంలో మిగతాది నీళ్లే, వద్దు)
- గడియారాల రిపేర్ వాళ్లు వాడే సన్నని నూనె
- గట్టి తెల్ల కాగితం లేదా విజిటింగ్ కార్డ్
- స్క్రూలు వేసుకోవడానికి చిన్న గిన్నెలు
- 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్ తీసే ఫోన్

చివరిది చూసి నవ్వుకోవద్దు. ఈ పనిలో అన్నిటికంటే పనికొచ్చిన టూల్ అదే.

స్టెప్ 1: డయల్‌ని బయటికి తీయడం

ఫోన్‌ని బోర్లా తిప్పి, కింద మెత్తని గుడ్డ పరవండి. అడుగున ఉన్న స్క్రూలు వదులు చేస్తే పై కవర్ వస్తుంది. తర్వాత వచ్చిన మోడల్స్‌లో కొన్నిటికి స్క్రూ వెనకవైపు ఉంటుంది. బేక్‌లైట్ గట్టిదే కానీ పెళుసు. కవర్ రాకపోతే బలం పెట్టకండి, ఇంకో స్క్రూ ఎక్కడో మిగిలి ఉంటుంది.

డయల్ వెనక నాలుగైదు వైర్లు కనిపిస్తాయి. వాటిని విప్పే ముందు మూడు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. ఫోటో ఒక్కటే చాలదు. ఏళ్ల తరబడి పొగకి, దుమ్ముకి వైర్ల రంగులు మారిపోయి ఎరుపు, గోధుమ ఒకేలా కనిపిస్తాయి. ప్రతి వైర్‌కి చిన్న టేప్ ముక్క అంటించి, అది ఏ టెర్మినల్‌దో రాయండి. తర్వాత డయల్‌ని పట్టి ఉంచిన స్క్రూ లేదా క్లాంప్ వదులు చేస్తే మొత్తం డయల్ చేతిలోకి వస్తుంది.

స్టెప్ 2: శుభ్రం చేయకముందే టెస్ట్

చాలామంది దీన్ని వదిలేస్తారు. ముందు ఎలా ఉందో కొలవకపోతే, తర్వాత బాగుపడిందో లేదో ఎలా తెలుస్తుంది?

డయల్ వెనకవైపు పల్స్ కాంటాక్ట్స్ కనిపించేలా పట్టుకోండి. ఫోన్ కెమెరాని స్టాండ్ మీద పెట్టి 240 ఎఫ్‌పీఎస్‌లో రికార్డ్ ఆన్ చేసి, 0 తిప్పి వదలండి. ఎండ వెలుగులో తీయండి. ఇంట్లో ఎల్ఈడీ బల్బుల కింద తీస్తే వీడియోలో మినుకు మినుకుమని ఫ్రేములు లెక్కపెట్టడం కష్టం.

ఇప్పుడు వీడియోని ఫ్రేమ్ బై ఫ్రేమ్ చూడండి. లెక్క ఇలా ఉంటుంది:

- వేగం సెకనుకి 10 పల్సులైతే, ఒక్కో పల్స్‌కి 24 ఫ్రేములు.
- అందులో సుమారు 16 ఫ్రేములు కాంటాక్ట్ విడిపోయి, 8 ఫ్రేములు కలిసి ఉండాలి.
- మొదటిసారి విడిపోయిన ఫ్రేమ్ నుంచి పదోసారి విడిపోయిన ఫ్రేమ్ వరకు తొమ్మిది పల్సుల దూరం, అంటే 216 ఫ్రేములు.

2160ని మీకు వచ్చిన ఫ్రేముల సంఖ్యతో భాగించండి. వచ్చేదే మీ డయల్ వేగం. 196 నుంచి 240 ఫ్రేముల మధ్య వస్తే డయల్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఒక జాగ్రత్త. కొన్ని బడ్జెట్ ఫోన్లలో 240 అని రాసి ఉన్నా, నిజంగా తీసేది తక్కువ. మధ్యలోవి సాఫ్ట్‌వేర్ కల్పించిన ఫ్రేములు. అలాంటి ఫోన్‌లో కాంటాక్ట్ అంచులు నీళ్లలో నీడలా కనిపిస్తాయి. అప్పుడు వాయిస్ రికార్డర్ వాడండి. డయల్ పక్కన మైక్ పెట్టి 0 తిప్పి, ఆడియో ఎడిటర్‌లో మొదటి టిక్ నుంచి పదో టిక్‌కి ఎంత సమయమో చూడండి. 0.9 సెకన్లు వస్తే సరిగ్గా 10 పల్సులు.

మా డయల్‌కి పొద్దున ఏడింటికి 288 ఫ్రేములు వచ్చాయి. అంటే సెకనుకి 7.5 పల్సులు. మధ్యాహ్నం అదే డయల్ ఎండలో కాసేపు ఉంచాక 228 ఫ్రేములు, సుమారు 9.5 పల్సులు.

చలికి నెమ్మదిస్తోంది, ఎండకి బాగవుతోంది. గేర్ల మీద ముక్కు పెట్టి వాసన చూశా. కొబ్బరినూనె!

"బిగుసుకుంటుందని మీ తాతే పోసిండు, శానేండ్లైంది," అంది అమ్మమ్మ. తలుపు కీచుమన్నా, ఫ్యాన్ కిర్రుమన్నా మన ఇళ్లలో ముందు తీసేది కొబ్బరినూనె సీసానే కదా. అది సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఆదిలాబాద్ డిసెంబర్ పొద్దున్న అంటే సీసాలో తెల్లగా పేరుకుపోయే చలి. సీసాలో జరిగేదే గేర్ల మధ్యా జరుగుతోంది. దానికి తోడు ఇన్నేళ్ల దుమ్ము కలిసి జిగురైపోయింది.

స్టెప్ 3: ఫింగర్ వీల్ తీయడం

చక్రం మధ్యలో నంబర్ రాసుకునే కార్డు, దాని మీద పారదర్శకమైన బిళ్ల, వాటిని పట్టి ఉంచే రింగ్ ఉంటాయి. రింగ్‌ని జాగ్రత్తగా వదులు చేస్తే కార్డు వస్తుంది. ఆ కార్డుని పారేయకండి, నీళ్లు తగలనివ్వకండి. మాకు దాని మీద తాతయ్య చేతిరాతలో మా నంబర్ కనిపించింది.

కార్డు కింద మధ్యలో ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని విప్పేటప్పుడు ఫింగర్ వీల్‌ని ఇంకో చేత్తో కదలకుండా పట్టుకోండి. స్క్రూ వదులయ్యాక వీల్‌ని కొంచెం కొంచెంగా పైకి తీయండి. ఒకవేళ కింద షాఫ్ట్ తనంతట తాను తిరగబోతున్నట్టు అనిపిస్తే, అక్కడే ఆగి వీల్‌ని మళ్లీ కిందికి నొక్కి స్క్రూ బిగించేయండి. మీ మోడల్‌లో స్ప్రింగ్‌ని వీల్ పట్టి ఉంచుతోందని అర్థం. అలాంటి డయల్‌ని వీల్ తీయకుండానే వెనక నుంచి శుభ్రం చేయొచ్చు.

వీల్ వచ్చాక అంకెల పళ్లెం కనిపిస్తుంది. దాన్ని పట్టి ఉంచిన చిన్న స్క్రూలు లేదా క్లిప్పులు తీస్తే అదీ వస్తుంది. ఇక్కడితో ఆగండి. మొదటిసారి చేసేవాళ్లు మెయిన్ స్ప్రింగ్ జోలికి, గేర్లు విప్పే పనికి అస్సలు వెళ్లొద్దు. స్ప్రింగ్ ఒకసారి చేతిలోంచి జారితే, దాన్ని ఎన్ని చుట్లు బిగించాలో తెలియక డయల్ మొత్తం పనికిరాకుండా పోతుంది.

స్టెప్ 4: శుభ్రం చేయడం

మొదట పొడి బ్రష్‌తో దుమ్మంతా దులపండి. తడి తర్వాత. దుమ్ము ఉండగానే ఆల్కహాల్ వేస్తే బురదై లోపలికి దిగుతుంది.

గేర్లు, వార్మ్: ఇయర్ బడ్‌ని ఆల్కహాల్‌లో ముంచి, పిండి, పంటి పంటికీ తుడవండి. డయల్‌ని చేత్తో మెల్లగా తిప్పుతూ మిగతా పళ్లు బయటికి రప్పించండి. మూలల్లో గట్టిపడిన జిగురుని టూత్‌పిక్‌తో తీయండి. స్క్రూడ్రైవర్‌తో గోకితే ఇత్తడి మీద గీతలు పడతాయి. మీ డయల్‌లోనూ కొబ్బరినూనె ఉంటే ఈ పని మధ్యాహ్నం పెట్టుకోండి. కరిగి ఉన్నప్పుడు సగం శ్రమతో వచ్చేస్తుంది. నాకు పన్నెండు ఇయర్ బడ్స్ పట్టాయి. పన్నెండోది తెల్లగా వచ్చింది.

గవర్నర్: కప్పు లోపలి గోడ, బరువుల చివరలు పూర్తిగా పొడిగా, జిడ్డు లేకుండా ఉండాలి. ఆల్కహాల్ బడ్‌తో తుడిచి ఆరనివ్వండి. బరువుల రెక్కల్ని వంచకండి. వేగం సరిచేద్దామని ఒకదాన్ని వంచితే రెండోదానితో సమతూకం పోతుంది.

కాంటాక్ట్స్: కాగితాన్ని సన్నగా కత్తిరించి, ఆల్కహాల్‌తో కొంచెం తడిపి, రెండు రేకుల మధ్య పెట్టి నెమ్మదిగా లాగండి. నల్ల గీత కనిపిస్తుంది. కాగితం శుభ్రంగా వచ్చేదాకా చేసి, చివర్లో పొడి కాగితంతో ఒకసారి లాగండి. శాండ్ పేపర్, ఆకురాయి వద్దు. ఆ చిన్న చుక్క లోహం అరిగిపోతే మళ్లీ రాదు. రేకుల్ని వంచినా పల్స్ నిష్పత్తి మారిపోతుంది.

అంకెల పళ్లెం, పారదర్శక బిళ్ల: వీటికి ఆల్కహాల్ తగలనివ్వకండి. ప్రింట్ చెరిగిపోవచ్చు, ప్లాస్టిక్‌కి సన్నని పగుళ్లు రావచ్చు. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్ వేసి, మెత్తని గుడ్డ ముంచి పిండి తుడిస్తే చాలు.

బేక్‌లైట్ కవర్: తడిగుడ్డతో తుడవండి. మెరుపు కోసం శాండ్ పేపర్ రుద్దొద్దు. పాత బేక్‌లైట్‌లో కొన్ని రకాలకి ఆస్బెస్టాస్ కలిపేవారు. ఆ పొడి పీల్చడం మంచిది కాదు.

స్టెప్ 5: నూనె, కానీ చుక్కలో చుక్క

డయల్ పాడవడానికి దుమ్ము కంటే ఎక్కువ కారణం, ప్రేమతో పోసిన నూనె. గుండుసూది మొనని గడియారం నూనెలో ముంచండి. ఆ మొన మీద నిలిచినంతే కొలత. షాఫ్ట్‌లు తిరిగే బేరింగ్ దగ్గర ఒక్కోదానికి ఒక్కో మొన, వార్మ్ మీద ఒక మొన. అంతే.

గవర్నర్ కప్పులో నూనె పడకూడదు. పడితే రాపిడి పోయి డయల్ పరిగెడుతుంది. అప్పుడు కూడా రాంగ్ నంబరే, కాకపోతే ఈసారి వేగం ఎక్కువై. కాంటాక్ట్స్ మీద అసలే వద్దు. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా వాడకండి. స్ప్రే కొడితే అది మీరు అనుకున్న చోట ఆగదు, కప్పులోకీ కాంటాక్ట్స్ మీదికీ వెళ్తుంది.

స్టెప్ 6: బిగించడం, మళ్లీ టెస్ట్

విప్పిన వరసకి వెనక నుంచి రండి. అంకెల పళ్లెం, తర్వాత ఫింగర్ వీల్. స్క్రూ బిగించే ముందు ప్రతి రంధ్రంలో దాని అంకె మధ్యకి కనిపిస్తోందా చూడండి. 1, 0 రెండూ సరిపోతే మిగతావి సరిపోయినట్టే.

వైర్లు కలపకముందే మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి పల్స్ కాంటాక్ట్స్‌కి తగిలించండి. డయల్ కదలనప్పుడు బీప్ నిలకడగా రావాలి. 3 తిప్పి వదిలితే బీప్ మూడుసార్లు తెగాలి. అప్పుడు స్లో మోషన్ టెస్ట్ మళ్లీ చేయండి.

మాకు మర్నాడు పొద్దున ఏడింటికి వచ్చింది 213 ఫ్రేములు. సెకనుకి 10.1 పల్సులు.

చివరిగా లైన్ కలిపి, రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని ఒక అంకె తిప్పండి. డయల్ తిరిగేటప్పుడు చెవిలో పెద్దగా టక టక వినిపిస్తే ఆఫ్-నార్మల్ కాంటాక్ట్స్‌ని ఇంకోసారి కాగితంతో తుడవాలి.

ఈ రోజుల్లో ఇది పనిచేస్తుందా?

అమ్మమ్మ ఇంటికి ఇంకా రాగి తీగ లైనే వస్తోంది, అందుకే పల్స్ డయలింగ్ పనిచేసింది. ఫైబర్ కనెక్షన్ అయితే మోడెమ్ వెనక ఉన్న ఫోన్ పోర్ట్‌కి పల్స్ అర్థం కావచ్చు, కాకపోవచ్చు. అది మోడెమ్‌ని బట్టి ఉంటుంది. డయల్ టోన్ వచ్చి, కాల్స్ అందుకుని, బయటికి మాత్రం కాల్ పోకపోతే తప్పు మీ డయల్‌ది కాదు. మధ్యలో పల్స్‌ని టోన్‌గా మార్చే చిన్న కన్వర్టర్ పెడితే సరిపోతుంది. పాత ఫోన్ కొనేముందు ఇది చూసుకోండి.

ఒక అలవాటు మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. తిప్పాక వేలు తీసేయాలి. తొందరపడి చక్రాన్ని వేలితో వెనక్కి తోయకూడదు. పల్సులు పుట్టేది వెనక్కి వచ్చేటప్పుడే. తోస్తే గవర్నర్ మీద భారం పడుతుంది, నంబర్ కూడా తప్పుతుంది.

నేను హైదరాబాద్ తిరిగొచ్చిన రెండో రోజు పొద్దున ఆరున్నరకి మా ఇంట్లో ఫోన్ మోగింది. అమ్మ ఎత్తింది. అటునుంచి అమ్మమ్మ. ఏమైందోనని అమ్మ కంగారుపడితే, "ఏం లేదు, పోతుందా లేదా చూద్దామని చేసిన" అందట.

కొబ్బరినూనె సీసా మాత్రం ఫోన్ బల్ల మీద నుంచి తీసి వంటింట్లో పెట్టి వచ్చాను.